బిల్ వయోలా ప్రదర్శన: అయిదేళ్ల కిందట నేను చూడలేక బయటికి వచ్చేసిన గది

గౌతమి_క్రాయిడన్
21 జూలై 2024, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఈ నెల 12న అమెరికన్ వీడియో కళాకారుడు బిల్ వయోలా కాలిఫోర్నియాలో పోయారు. వయసు 73. అల్జీమర్స్ జబ్బు ముదిరి పోయారని రాశారు. ఆ వార్త చదివిన దగ్గర్నుంచీ 2019లో ఒక శనివారం మధ్యాహ్నం పదే పదే గుర్తొస్తోంది.

ఆ ఏడాది జనవరి 26 నుంచి మార్చి 31 దాకా లండన్ రాయల్ అకాడమీలో ఆయన వీడియోలనూ మైఖెలాంజెలో బొమ్మలనూ కలిపి ఒక ప్రదర్శన పెట్టారు. 'లైఫ్ డెత్ రీబర్త్' అని పేరు. వయోలావి 12, మైఖెలాంజెలోవి 15. గదులన్నీ చీకటి. కళ్లు అలవాటు పడేదాకా పక్కన మనిషి ఉన్నదీ లేనిదీ తెలియలేదు. ఎక్కడో నీళ్ల హోరు, ఎవరిదో ఊపిరి.

ఒక గదిలో 'నాంట్ ట్రిప్టిక్' ఉంది. 1992లో చేసింది. మూడు తెరలు పక్కపక్కనే. ఎడమ తెర మీద ఒకావిడ నొప్పులు పడుతోంది, బిడ్డ పుడుతుంది. నడిమి తెరలో బట్టలతోనే ఒక మగమనిషి నీళ్లలో తేలుతుంటాడు. కుడివైపు తెర మీద ముసలావిడ మంచంలో, స్పృహ లేకుండా. ఆవిడ వయోలా కన్నతల్లి. నిజంగానే పోతోంది. మొత్తం అరగంట. నేను నాలుగు నిమిషాలు కూడా ఉండలేకపోయాను. అప్పటికి మా అమ్మ రాజమండ్రిలో నిక్షేపంగా ఉంది. అయినా కాళ్లు ఆగలేదు, బయటికి వచ్చేశాను.

ఈ జనవరిలో అమ్మ పోయింది. చివరి రెండు వారాలు దగ్గరే ఉన్నాను. నా ఫోన్లో ఆ రోజులది ఒక వీడియో ఉంది, 47 సెకన్లు. ఎప్పుడు తీశానో, ఎందుకు తీశానో సరిగ్గా గుర్తులేదు. ఇంతవరకు తెరవలేదు. వేలు దాని మీదకి వెళ్తుంది, మళ్లీ వెనక్కి తీసేస్తాను.

ఆయన పనులు చూసినవాళ్లు, వీడియో గురించి తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి. కన్నతల్లి పోతుంటే ఆయన కెమెరా ఎందుకు పట్టుకున్నారు? దాన్ని అరగంట సేపు కూర్చుని చూడమని మనల్ని ఎందుకు అడిగారు?

---

వెంకటలక్ష్మి_టీచర్
22 జూలై, ఉదయం 6:15

అమ్మా గౌతమీ, అమ్మగారి సంగతి విని మనసు కష్టంగా ఉంది.

నేను ఆ ప్రదర్శన చూడలేదు. కానీ నువ్వు అడిగావు కాబట్టి నా మనసులో మాట చెప్తాను. మా నాన్నగారు పోయేటప్పుడు మా చిన్నాన్న ఫొటో తీయబోతే మా అమ్మ వద్దంది. పోయే మనిషి నోట్లో తులసి తీర్థం పోయాలి, చెయ్యి పట్టుకోవాలి. కెమెరా పట్టుకున్న చెయ్యి ఆ చేతిని పట్టుకోలేదు కదమ్మా. ఎంత పెద్ద కళాకారుడైనా, ఎదురు చెప్పలేని స్థితిలో ఉన్న తల్లిని తీసి గోడ మీద వేయడం నాకు సబబుగా అనిపించడం లేదు. తప్పుగా అనుకోకు.

---

బొమ్మల_రఘు
22 జూలై, ఉదయం 9:50

టీచర్‌గారూ, మీ అభ్యంతరం చిన్నది కాదు. ఈ కళ చూసేవాళ్లలో కూడా చాలామందికి అదే ఇబ్బంది ఉంది. కాకపోతే కొన్ని సంగతులు చెప్పాలి.

ఆయన తల్లి 1991లో పోయారు. మంచంలో ఉన్నప్పటి దృశ్యాలు ముందు అదే ఏడాది 'ది పాసింగ్' అనే నలుపు తెలుపు వీడియోలో వచ్చాయి, తర్వాత ఈ మూడు తెరల్లో. ఫ్రాన్స్‌లోని నాంట్ నగరంలో పాత ప్రార్థనా మందిరం కోసం చేసిన పని ఇది, అందుకే ఆ పేరు. యూరప్ చర్చిల్లో మూడు పలకల బొమ్మలు ఉంటాయి, నడిమి పలకలో దేవుడు, పక్కల భక్తులు. వయోలా ఆ చట్రం అలాగే ఉంచి, దేవుడి చోట నీళ్లలో తేలే మామూలు మనిషిని పెట్టాడు. పుట్టుకకీ చావుకీ మధ్య ఉన్న మనందరం ఆ నీళ్లలో ఉన్నవాడే. రాయల్ అకాడమీలో అదే గదిలో మైఖెలాంజెలో చెక్కిన తల్లీబిడ్డల గుండ్రటి పాలరాతి ఫలకం కూడా పెట్టారు. అందులో పిట్టను చూసి పసివాడు తల్లి ఒళ్లోకి ఒదుగుతాడు. గౌతమి గారూ, అది గుర్తుందా?

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. ఆయన ఆరేళ్ల వయసులో చెరువులో మునిగిపోయాడు, మేనమామో బాబాయో దూకి పైకి లాగాడు. నీళ్ల అడుగున భయం వేయలేదనీ, అంత అందమైన లోకం మళ్లీ చూడలేదనీ జీవితమంతా చెప్తూ వచ్చాడు. ఆయన వీడియోల్లో చాలావాటిలో నీళ్లు ఉంటాయి.

ఇక నా అసలు అభిప్రాయం. ఆయన పనులన్నీ నాకు నచ్చవు. 2000 తర్వాతి వాటిలో చాలావరకు చీకటి నేపథ్యం, మెల్లగా కదిలే ముఖాలు, ఏడుపు. అంత మెల్లగా చూపిస్తే ఎవరి ముఖమైనా గంభీరంగానే ఉంటుంది. మైఖెలాంజెలో పక్కన పెట్టడం కూడా లండన్ విమర్శకులు కొందరికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. మైఖెలాంజెలో సుద్దతో గీసిన చిన్న కాగితం ముందు ఆ పెద్ద తెరలు అరుస్తున్నట్టు ఉంటాయి.

నాకు ప్రాణం ఆయన పాత పని 'ది రిఫ్లెక్టింగ్ పూల్'. 1977–79లో చేసింది, ఏడు నిమిషాలు. అడవిలో చిన్న కొలను. ఒక మనిషి చెట్లలోంచి వచ్చి గట్టు మీద నిలబడి, ఒక్కసారి అరిచి దూకుతాడు. గాల్లో ముడుచుకుని అలాగే ఆగిపోతాడు. కింద నీళ్లు మాత్రం ఆగవు. అలలు వస్తాయి, వెలుగు మారుతుంది, గట్టు మీద ఎవరూ లేకపోయినా నీళ్లలో మనుషుల నీడలు నడుస్తాయి. గాల్లో ఆగిన మనిషి మెల్లగా ఆకుల్లో కలిసిపోతాడు, ఎప్పుడు మాయమయ్యాడో పట్టుకోలేం. చివరికి నీళ్లలోంచి లేచి, ఒంటి మీద బట్టల్లేకుండా అడవిలోకి వెళ్లిపోతాడు. కెమెరా కదలకుండా ఒకేచోట ఉంచి, వేర్వేరు సమయాల్లో తీసిన ముక్కల్ని ఒకే చట్రంలో అతికాడు. ఒకే బొమ్మలో ఆగిన కాలం, నడిచే కాలం. నేను మొదటిసారి చూసినప్పుడు మా మాస్టారి ల్యాప్‌టాప్‌లో వరసగా మూడుసార్లు వేయించుకున్నాను.

---

రీలు_మాస్టారు
22 జూలై, మధ్యాహ్నం 2:30

రఘు బాబూ, మెల్లగా చూపిస్తే ఎవరి ముఖమైనా గంభీరమే అన్నావు. ఇరవై ఆరేళ్లు కెమెరా డిపార్ట్‌మెంట్‌లో చేశాను, అందులో ఎక్కువ భాగం 35 ఎంఎం ఫిల్మ్ మీదే. ఆ మాట సగం నిజం. మిగతా సగం చెప్తాను.

మామూలుగా కెమెరా సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 ఆగిన బొమ్మలు, తీస్తుంది. అదే కెమెరాను 48కి పెట్టి తీసి 24లో వేస్తే కదలిక సగం వేగంతో కనిపిస్తుంది. దీన్ని మేము ఓవర్ క్రాంక్ అంటాం. పాటలో చీర కొంగు ఎగరాలన్నా, హీరో నడిచి రావాలన్నా, "48కి పెట్టు, 72కి పెట్టు" అని వినిపించేది. వయోలా 'ది గ్రీటింగ్'ను 300కి పెట్టి తీయించాడు. 1995లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో అమెరికా తరఫున చూపించిన పని అది. 16వ శతాబ్దపు ఇటాలియన్ చిత్రకారుడు పొంటోర్మో వేసిన బొమ్మ చూసి చేసింది. ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే మూడో ఆవిడ వచ్చి పలకరిస్తుంది, అంతే. 45 సెకన్ల పలకరింపు, తెర మీద పది నిమిషాలు.

ఇందులో కష్టం ఎక్కడుందో చూడండి. 35 ఎంఎంలో అడుగుకు 16 ఫ్రేములు. వెయ్యి అడుగుల రీలు మామూలు వేగంలో 11 నిమిషాలు నడుస్తుంది. 300కి పెడితే 53 సెకన్లలో అయిపోతుంది. అంటే నటులకు నిమిషం కూడా లేదు. మొదలు, నడిమి, చివర అన్నీ ఆ లోపే. వెలుతురు కూడా పన్నెండు రెట్లు కావాలి, ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం అంత తక్కువ కాబట్టి. సెట్లో ఆ లైట్ల వేడికి మనిషి మాడిపోతాడు. మెత్తగా, ప్రశాంతంగా కనిపించే ఆ పది నిమిషాల వెనక కెమెరా గోల పెడుతూ పరుగెత్తిన ముక్కాలు నిమిషం ఉంది.

మేము స్లో పెట్టింది దెబ్బ బలం చూపించడానికి, అందం చూపించడానికి. ప్రేక్షకుడికి ఏం చూడాలో ముందే తెలుసు. ఆయన స్లోలో చూసేది వేరు. 2000లో చేసిన 'ది క్వింటెట్ ఆఫ్ ది ఎస్టానిష్డ్'లో అయిదుగురు నిలబడి ఉంటారు, ఒక్కొక్కరి ముఖంలో ఏదో ఉద్వేగం వచ్చి పోతుంది. మామూలు వేగంలో ఏడుపు కనిపిస్తుంది. ఆ వేగంలో ఏడుపుకు ముందు ముఖం చేసే పనులు కనిపిస్తాయి. పెదవి ఒక పక్క అదిరి, ఆగి, నవ్వులాగా అయి, అప్పుడు ఏడుపు. అది రోజూ మన కళ్ల ముందే జరుగుతుంది, మనకు అందదు. అంత వెలుతురు పోసి, అంత ఫిల్మ్ తగలేసి తెచ్చింది దాన్నే. నాకైతే ఆ ఖర్చు న్యాయమనిపించింది.

---

చిత్తూరు_మల్లి
22 జూలై, రాత్రి 8:05

నాకు కళ గురించి పెద్దగా తెలియదు. ఈ థ్రెడ్ చదివి ఆయన గురించి వెతికితే మా ఊరికి దగ్గర విషయం ఒకటి దొరికింది, అది చెప్పడానికి వచ్చాను.

1986లో ఆయన 89 నిమిషాల వీడియో ఒకటి చేశారు. దాని పేరుకు తెలుగులో అర్థం 'నేను దేనిలాంటివాడినో నాకు తెలియదు'. ఆ మాట ఋగ్వేదంలోది, మొదటి మండలం 164వ సూక్తం. వీడియోలో అడవి దున్నలు, పక్షుల కళ్లు చాలాసేపు ఉంటాయి. గుడ్లగూబ కంటిపాపలోకి కెమెరా దగ్గరికి వెళ్తే, అందులో కెమెరా పట్టుకున్న ఆయనే కనిపిస్తారు. చివర్లో ఫిజీ దేశం సువాలోని మహాదేవి గుడిలో జనం నిప్పులు తొక్కే దృశ్యాలు ఉంటాయి.

నిప్పుల గుండం మాకు కొత్త కాదు. మా వైపు ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్లలో తిరునాళ్ల చివరి రోజు గుండం తొక్కుతారు. మా మేనత్త తొక్కింది, నేను గట్టు మీద నిలబడి చూశాను. ఫిజీకి 1903 నుంచి మద్రాసు ఓడల్లో చెరకు తోటల పనికి దక్షిణాది కూలీలు వెళ్లారు, గిర్మిట్ అనే కూలీ ఒప్పందం కింద. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి చాలామంది, అప్పటికి మా చిత్తూరు అందులోదే. గోదావరి, విశాఖ నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లు పట్టుకెళ్లిన గుండాన్నే ఆ అమెరికన్ కెమెరాతో తీశాడన్నమాట.

గుండం దగ్గర నాకు ఎప్పుడూ తెలిసే సంగతి ఒకటుంది. దాటడం నాలుగైదు అడుగులే, రెండు మూడు సెకన్లు. కానీ అత్త అడుగు ఎత్తిన క్షణం నుంచి అవతల పాలనీళ్లలో కాలు పెట్టేదాకా నాకు చాలా సేపైనట్టు ఉండింది. అత్తను అడిగితే ఏమీ తెలియలేదంది. ఇద్దరం చూసిన కాలం ఒకటి కాదు.

---

వెంకటలక్ష్మి_టీచర్
23 జూలై, ఉదయం 6:40

మల్లీ, మంచి సంగతి చెప్పావు నాయనా. "న వి జానామి యదివేదమస్మి" అని ఆ మంత్రం. ఆ సూక్తం చెప్పిన ఋషి దీర్ఘతముడు. పేరుకే అర్థం దీర్ఘమైన చీకటి. పుట్టుగుడ్డి అని భారతంలో కథ. చూపులేని ఋషి మాటను, చూపు గురించే బతుకంతా పనిచేసిన మనిషి తన వీడియోకు పేరుగా పెట్టుకున్నాడంటే, ఆలోచించే పెట్టి ఉంటాడు.

నా అభిప్రాయం మార్చుకున్నానని అనడం లేదు. తల్లి విషయంలో ఇంకా అలాగే ఉంది. కానీ నిన్న రాసినంత గట్టిగా రాయకుండా ఉండాల్సిందని రాత్రి అనిపించింది. గౌతమీ, నీ వీడియో గురించి నేను ఏమీ అనలేదమ్మా, ఆయన గురించే అన్నాను.

---

గౌతమి_క్రాయిడన్
23 జూలై, రాత్రి 11:20

టీచర్‌గారూ, నాకు అర్థమైంది. బాధపడలేదు.

రఘు, ఆ పాలరాతి ఫలకం గుర్తుంది. నిజానికి తెరలు చూడలేక అటు తిరిగితే అదే కనిపించింది.

ఆ రోజు వెళ్లేముందు చూసిన వాటిలో ఒకటి చెప్తాను, ఎవరూ చెప్పలేదు కాబట్టి. 'ది వెయిలింగ్', అంటే ముసుగు వేయడం, 1995. పై నుంచి పల్చటి గుడ్డ తెరలు తొమ్మిది, ఒకదాని వెనక ఒకటి వేలాడుతుంటాయి. ఒక చివర నుంచి మగమనిషి బొమ్మ పడుతుంది, రెండో చివర నుంచి ఆడమనిషి బొమ్మ. రాత్రిపూట అడవిలో ఎవరికి వాళ్లు నడుస్తుంటారు. దగ్గరి తెర మీద బొమ్మ స్పష్టంగా ఉంటుంది, రెండో తెర మీద కొంచెం పెద్దదై కొంచెం మసక, అలా పోయి పోయి నడిమి తెర దగ్గర ఉత్త వెలుగే మిగులుతుంది. ఇద్దరూ ఎప్పుడూ ఒకే బొమ్మలో ఉండరు. ఆ నడిమి గుడ్డ మీద వాళ్ల వెలుగులు మాత్రం కలుస్తాయి. నేను పక్కకు నడుస్తుంటే గాలికి గుడ్డలు కదిలాయి, బొమ్మలూ కదిలాయి.

అమ్మ విషయంలో నాకు అదే భయం. తెరిస్తే ఆ 47 సెకన్లే అమ్మ అయిపోతుందేమో, మిగతా డెబ్బై ఏళ్లు మసకబారిపోతాయేమో అని. రీలు మాస్టారు చెప్పింది చదివాక ఒక ఆలోచన వచ్చింది. ఫోన్లో స్లో చేసే యాప్‌లు ఉన్నాయి కదా, దాన్ని మెల్లగా చేసుకుని చూస్తే పది నిమిషాలు అమ్మ దగ్గర కూర్చున్నట్టు ఉంటుందా?

---

కోడెక్_కిరణ్
24 జూలై, ఉదయం 10:10

గౌతమి అక్కా, నేను బెంగళూరులో వీడియో కంప్రెషన్, అంటే వీడియో ఫైళ్లను కుదించే పని, మీద పనిచేస్తాను. ఈ ప్రశ్న నా పనికి సంబంధించింది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

యాప్‌తో స్లో చేయొద్దని నా మనవి. మాస్టారు చెప్పిన 300 ఫ్రేములు నిజంగా కెమెరా తీసినవి. మీ ఫోన్ మామూలు వీడియో సెకనుకు 30 ఫ్రేములు, 47 సెకన్లకు 1400 పైచిలుకు. దాన్ని పన్నెండు రెట్లు సాగదీస్తే యాప్ దగ్గర మధ్య ఫ్రేములు లేవు. ఈ ఫ్రేమూ ఆ ఫ్రేమూ చూసి మధ్యలో ఇలా ఉండి ఉంటుందని తనే కల్పిస్తుంది. చూడటానికి నున్నగా ఉంటుంది, కానీ ప్రతి పన్నెండు బొమ్మల్లో పదకొండు మీ అమ్మగారివి కావు. కళ్ల దగ్గర, పెదవుల దగ్గర అది చేసే తప్పులు నేను రోజూ చూస్తుంటాను.

ఇంకో సంగతి. వయోలా మొదలుపెట్టిన రోజుల్లో వీడియో అంటే ట్యూబు. ఒక ఎలక్ట్రాన్ పుంజం తెర మీద గీత తర్వాత గీత గీసుకుంటూ పోయేది, అమెరికాలో 525 గీతలు, మన దూరదర్శన్‌కు 625. ఫిల్మ్‌లాగా చేత్తో పట్టుకుని చూసే ఆగిన బొమ్మ అందులో ఎక్కడా లేదు, పుంజం ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. ఆ సంగతి ఆయన్ని బాగా పట్టుకుంది, దాని మీద వ్యాసాలు కూడా రాశారు.

మన ఫోన్ తీరు వేరు. అది ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు, అంత చోటు ఉండదు. కొన్నిటికి ఒకసారి ఒక ఫ్రేము మొత్తం రాస్తుంది. ఆ తర్వాత వాటిలో ఏం మారిందో అంతే రాస్తుంది. గోడ కదల్లేదు, రాయదు. మంచం కదల్లేదు, రాయదు. కదిలిన చోటు మాత్రమే రాసుకుంటూ పోతుంది. పడుకున్న మనిషి వీడియో అయితే, ఫైలులో ఎక్కువ చోటు పట్టేది ఊపిరికి లేచి దిగే దుప్పటి. ఫోన్ చేత్తో పట్టుకుంటే చెయ్యి వణికి మొత్తం బొమ్మే కదులుతుంది, అప్పుడు ఈ లెక్క ఉండదు. మీరు ఎక్కడైనా ఆనించి తీశారా?

---

నాగేశ్_డల్లాస్
24 జూలై, రాత్రి 9:30

వచ్చే నెల లండన్ వస్తున్నాను. ఆయన పనులు అక్కడ ఎక్కడైనా చూడొచ్చా?

---

బొమ్మల_రఘు
24 జూలై, రాత్రి 10:15

నాగేశ్ అన్నా, సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో 2014లో 'మార్టర్స్' పెట్టారు. నిలువుగా నాలుగు తెరలు, నలుగురు మనుషులు, మట్టి, గాలి, నిప్పు, నీరు. ఏడు నిమిషాలే. వెళ్లేముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి. అంతకుముందు 1996లో ఇంగ్లండ్‌లోని డరమ్ కెథడ్రల్‌లో కూడా ఆయన పని ఒకటి పెట్టారు. నీళ్లలోంచి దిగంబరంగా పైకి తేలే మనిషి వీడియో అది, పోలీసులు అభ్యంతరం చెప్తే అడ్డుతెరలు కట్టి చూపించారు. ఆ పని కూడా 2019 రాయల్ అకాడమీ ప్రదర్శనలో చూపించారు.

మాస్టారూ, ముక్కాలు నిమిషం లెక్క చదివాక 'ది గ్రీటింగ్' వివరాలు మళ్లీ చూస్తున్నాను. నా మాట కొంత వెనక్కి తీసుకుంటాను. మైఖెలాంజెలో పక్కన పెట్టడం గురించి మాత్రం తీసుకోను.

---

గౌతమి_క్రాయిడన్
28 జూలై, సాయంత్రం 5:05

ఈ రోజు ఆదివారం. పొద్దున చూశాను. స్లో చేయలేదు.

కిరణ్, ఫోన్ ఆనించే ఉంది. మంచం పక్క స్టూలు మీద ఫ్లాస్కుకు ఆనించినట్టున్నాను. ఫ్రేము కింద ఫ్లాస్కు పిడి కొంచెం కనిపిస్తోంది. బొమ్మ ఒక పక్కకు ఒరిగి ఉంది. అమ్మ పడుకుని ఉంది, దుప్పటి లేస్తోంది, దిగుతోంది. మధ్యలో ఒకసారి చాలాసేపు ఆగి, మళ్లీ లేచింది. ఆ ఆగిన చోట నా ఊపిరి కూడా ఆగింది. సెకన్లు లెక్కపెట్టాను, నాలుగే.

టీచర్‌గారూ, మీకు చెప్పాలి. ఫ్రేములో కుడివైపు ఒక చెయ్యి ఉంది, అమ్మ చేతిని పట్టుకుని. నాదే. నా గాజులు గుర్తుపట్టాను. నేను అక్కడ కూర్చున్నాననీ, పట్టుకున్నాననీ నాకు గుర్తే లేదు. ముప్ఫయ్యో సెకను దగ్గర అమ్మ బొటనవేలు నా వేలి మీద అటూ ఇటూ కదిలింది, రెండుసార్లు. చిన్నప్పుడు నిద్రపుచ్చేటప్పుడు చేసేది అలా.

మూడుసార్లు చూశాను. తమ్ముడికి పంపాలి.

---

వెంకటలక్ష్మి_టీచర్
28 జూలై, సాయంత్రం 6:20

నువ్వు రాసింది చదివానమ్మా. ఏం రాయాలో తెలియడం లేదు. ఆ గాజులు తీయకు.

---

కోడెక్_కిరణ్
28 జూలై, రాత్రి 7:00

అక్కా, తమ్ముడికి చాట్‌లో మామూలు వీడియోలాగా పంపొద్దు, అది మళ్లీ కుదించేస్తుంది. వేలి కదలికలాంటి చిన్నవే ముందు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. అసలు ఫైలు ఇంకో రెండు చోట్ల కాపీ పెట్టుకోండి.

---

గౌతమి_క్రాయిడన్
28 జూలై, రాత్రి 7:45

సరే కిరణ్. ఆగస్టులో వాడు ఇక్కడికి వస్తున్నాడు. పంపను, పక్కన కూర్చుని చూపిస్తాను.